వేరియబుల్ పిచ్ కట్టర్ కూడా అరుస్తోందా? మిల్లింగ్‌లో చాటర్‌ను ముందే లెక్కగట్టి తగ్గించే పద్ధతి

ఒంగోలు, నెల్లూరు వర్క్‌షాపుల నుంచి ఈ మధ్య ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. "డబ్బు పోసి వేరియబుల్ పిచ్ కార్బైడ్ కట్టర్ తెప్పించాం. ఒక జాబ్‌లో చప్పుడు లేకుండా నడిచింది. ఇంకో జాబ్‌లో మామూలు కట్టర్ లాగే అరస్తా ఉండాది. మాకు డూప్లికేట్ ఏమన్నా అంటగట్టారా?"

చాలాసార్లు కట్టర్‌లో తప్పేమీ ఉండదు. ఆ అరుపు చాటర్, అంటే కోతలో తనంతట తానే పెరిగే వణుకు. వేరియబుల్ పిచ్ అంటే పళ్ల మధ్య దూరాలు సమానంగా లేని కట్టర్. దాని పళ్ల మధ్య కోణాల తేడా కొన్ని ఫ్రీక్వెన్సీ, ఆర్‌పీఎం జతలకే పనిచేస్తుంది. ఆ జత కుదరకపోతే అది ఎక్కువ ధర పెట్టి కొన్న మామూలు కట్టర్. జత కుదిరిందో లేదో తేల్చడానికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. ఒక ఫోను, ఒక డయల్ గేజ్, ఒక ఉక్కు దిమ్మ, కాలిక్యులేటర్ ఉంటే చాలు.

వీఎంసీ (ప్రోగ్రామ్‌తో నడిచే నిలువు మిల్లింగ్ మెషిన్) మీద చేసేవాళ్లకూ, పాత కన్వెన్షనల్ మిల్లింగ్ మెషిన్ మీద చేసేవాళ్లకూ ఈ వరుస పనికొస్తుంది. చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీల మెషిన్ పార్టులు, రైస్ మిల్లు పార్టులు, రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లకు వెళ్లే స్టెయిన్‌లెస్ పనులు మనసులో పెట్టుకుని రాశాను.

1. ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

□ సౌండ్ స్పెక్ట్రమ్ చూపించే యాప్ ఉన్న ఫోను. ఆండ్రాయిడ్‌లో స్పెక్ట్రాయిడ్ సరిపోతుంది. ఫైఫాక్స్‌లోని ఆడియో స్పెక్ట్రమ్ కూడా పనికొస్తుంది.
□ 0.01 మి.మీ. డయల్ గేజ్, మ్యాగ్నెట్ స్టాండ్.
□ లేజర్ టాకోమీటర్. బెల్టు మెషిన్లకు ఇది తప్పనిసరి. ప్లేటు మీద రాసిన ఆర్‌పీఎం ఒకటి, నిజంగా తిరిగేది ఇంకొకటి.
□ జాబ్ ఏ మెటీరియలో అదే మెటీరియల్ దిమ్మ, కనీసం 150 మి.మీ. పొడవు.
□ చిన్న ఇత్తడి లేదా గట్టి ప్లాస్టిక్ సుత్తి.
□ నోట్‌బుక్కు. జ్ఞాపకం మీద ఆధారపడితే మరుసటి వారానికి అన్నీ కలిసిపోతాయి.

ఫోన్‌లో యాక్సిలరోమీటర్ కూడా ఉంటుంది కదా, దాన్నే స్పిండిల్ హెడ్‌కి అంటించవచ్చా అని కొందరు అడిగారు. ఈ పనికి అది చాలదు. మామూలు ఫోన్లలో ఆ సెన్సర్ సెకనుకు కొన్ని వందల సార్లే చదువుతుంది. ఎండ్‌మిల్ చాటర్ సాధారణంగా కొన్ని వందల హెర్ట్జ్ నుంచి 2,000, 3,000 హెర్ట్జ్ దాకా ఉంటుంది. మైక్రోఫోన్ సెకనుకు 44,100 లేదా 48,000 సార్లు చదువుతుంది కాబట్టి దాన్నే నమ్ముకోండి.

2. లెక్క కంటే ముందు పట్టు

పట్టు సరిగా లేని చోట ఏ లెక్కా నిలవదు. ముందు దీన్ని ముగించండి.

కట్టర్ బయటికి ఉన్న పొడవు, అంటే ఓవర్‌హ్యాంగ్, అన్నిటికంటే ముఖ్యం. గట్టిదనం (వంగకుండా నిలిచే గుణం) పొడవు ఘనానికి విలోమంగా పడిపోతుంది. 60 మి.మీ. బదులు 75 మి.మీ. బయటపెడితే గట్టిదనం దాదాపు సగమవుతుంది. వ్యాసం అయితే నాలుగో ఘాతంలో పనిచేస్తుంది. 12 మి.మీ. కట్టర్ స్థానంలో అదే పొడవున్న 16 మి.మీ. పెడితే గట్టిదనం మూడు రెట్లు దాటుతుంది. పాకెట్ మూల రేడియస్ ఒప్పుకుంటే ముందు పెద్ద కట్టర్‌తో ఖాళీ చేసి, మూలలకు మాత్రమే చిన్నది వాడండి.

హైస్పీడ్ స్టీల్ నుంచి కార్బైడ్‌కి మారితే షాంక్ (కట్టర్ కాడ) వంగే స్వభావం సుమారు మూడో వంతుకు తగ్గుతుంది. పొడవు తగ్గించలేని చోట ఖర్చు పెట్టాల్సింది ఇక్కడ.

సముద్రపు గాలి తగిలే ఊళ్లలో, అంటే కృష్ణపట్నం, కొత్తపట్నం, సింగరాయకొండ వైపు, కట్టర్‌ను పట్టుకునే హోల్డర్ టేపర్ (స్పిండిల్‌లో కూర్చునే వాలు ముఖం) మీద సన్నటి తుప్పు మచ్చలు త్వరగా వస్తాయి. టేపర్ పూర్తిగా ఆనకపోతే హోల్డర్ స్పిండిల్‌లోనే ఊగుతుంది. రాత్రి షిఫ్ట్ అయ్యాక టేపర్ తుడిచి, పలచగా నూనె రాసి పెట్టండి. పొద్దున్నే ఆ నూనె పూర్తిగా తుడిచాకే ఎక్కించండి.

మొదలుపెట్టే ముందు చూసుకోండి:

□ స్పిండిల్ టేపర్, హోల్డర్ టేపర్, కాలెట్ (షాంక్‌ను బిగించే చీలికల బుష్) లోపల శుభ్రం
□ కాలెట్ షాంక్ సైజుకి సరిపోయిందే, సాగిపోయింది కాదు
□ డ్రిల్ చక్‌లో ఎండ్‌మిల్ పెట్టలేదు
□ కట్టర్ చివర రనౌట్ (తిరిగేటప్పుడు పక్కకు ఊగే మొత్తం) 0.01 మి.మీ. లోపు
□ జాబ్ కింద ప్యారలల్స్ (ఎత్తు కోసం పెట్టే సమాన పట్టీలు) వదులుగా కదలడం లేదు
□ కన్వెన్షనల్ మెషిన్ అయితే కదిలించని స్లైడ్లు లాక్, గిబ్ (స్లైడ్ వదులు తీసే పట్టీ) బిగువు సరి
□ పళ్లు అరిగిపోలేదు, చిట్లలేదు

రనౌట్ గురించి ఒక మాట. పన్నుకి 0.05 మి.మీ. ఫీడ్ ఇస్తున్నప్పుడు రనౌట్ 0.02 ఉంటే, ఒక పన్ను తన వంతు కంటే 40 శాతం ఎక్కువ మోయాల్సి రావచ్చు. వేరియబుల్ పిచ్ కట్టర్‌లో పళ్ల వంతులు ఎలాగూ కొంచెం ఎక్కువ తక్కువ ఉంటాయి. రనౌట్ దానికి తోడైతే ఏ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో తేల్చలేరు.

3. చప్పుడును హెర్ట్జ్‌లోకి మార్చండి

ఇక్కడ తొందరపడకండి. తర్వాతి లెక్కలన్నీ ఈ ఒక్క అంకె మీదే నిలబడతాయి.

ముందు చాటర్ అంటే ఏమిటో రెండు ముక్కల్లో. ఒక పన్ను వణుకుతూ కోస్తే జాబ్ మీద సన్నటి అలలు మిగులుతాయి. తర్వాతి పన్ను ఆ అలల మీదే కోస్తుంది. ఆ పన్ను వణుకు, పాత అల ఒకదానితో ఒకటి కలవకపోతే చిప్ మందం పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. దానితో బలం మారుతుంది, వణుకు ఇంకా పెరుగుతుంది. దీన్ని చాటర్ అంటాం. పళ్లు వరుసగా తగలడం వల్ల వచ్చే మామూలు అదురు వేరు. రెండిటికీ మందు కూడా వేరే.

వరుస ఇది:

ఒకటి. ఫోన్‌ను కోత జరిగే చోటుకి అర మీటరు దూరంలో, కూలెంట్ చిందని చోట పెట్టండి. యాప్‌లో ఎఫ్ఎఫ్‌టీ సైజు (ఒక్కో లెక్కకు తీసుకునే చప్పుడు నమూనాల సంఖ్య) 8192 పెడితే సుమారు 6 హెర్ట్జ్ తేడా వరకు విడిగా కనిపిస్తుంది.

రెండు. జాబ్ తగలకుండా స్పిండిల్ మాత్రం తిప్పి రికార్డ్ చేయండి. ఇందులో కనిపించే శిఖరాలు మోటారు, గేర్లు, ఫ్యాన్లవి. రాసుకోండి.

మూడు. అదే ఆర్‌పీఎంలో చాటర్ వచ్చే కోత పెట్టి రికార్డ్ చేయండి. పక్కన గ్రైండర్, కంప్రెసర్ నడవకూడదు.

నాలుగు. తాకిడి ఫ్రీక్వెన్సీ లెక్కకట్టండి: ఆర్‌పీఎం × పళ్లు ÷ 60. 3,000 ఆర్‌పీఎం, 4 పళ్లయితే 200 హెర్ట్జ్. కాబట్టి 200, 400, 600, 800 దగ్గర శిఖరాలు కనబడటం సహజం. అవి చాటర్ కాదు.

ఐదు. ఆ వరుసలో లేని ఎత్తైన శిఖరమే చాటర్ ఫ్రీక్వెన్సీ.

వేరియబుల్ పిచ్ కట్టర్‌తో రికార్డ్ చేసేటప్పుడు చాలామంది ఇక్కడే దారి తప్పుతారు. పళ్ల దూరాలు సమానంగా లేవు కాబట్టి తాకిడి గుణకాలే కాక, స్పిండిల్ ఒక చుట్టు ఫ్రీక్వెన్సీ గుణకాలన్నీ కనిపిస్తాయి. 3,000 ఆర్‌పీఎంలో ఒక చుట్టు 50 హెర్ట్జ్. అంటే 850, 900 దగ్గర శిఖరం కనిపించినా అది కట్టర్ స్వభావమే కావచ్చు. 870 దగ్గర కనిపిస్తే అనుమానించాలి. రనౌట్ ఉన్న మామూలు కట్టర్ కూడా ఇదే వేషం వేస్తుంది. అనుమానం తీరకపోతే ఆర్‌పీఎం ఒక 5 శాతం మార్చి మళ్లీ చూడండి. ఆర్‌పీఎంతో పాటు అదే నిష్పత్తిలో జరిగిన శిఖరం తాకిడిది. ఇంచుమించు అక్కడే ఉండిపోయిన శిఖరం చాటర్‌ది.

ఇక్కడి నుంచి ఒకే ఉదాహరణ పట్టుకుందాం. వీఎంసీ, బీటీ40 సైజు హోల్డర్, 12 మి.మీ. నాలుగు పళ్ల కార్బైడ్ ఎండ్‌మిల్, ఈఎన్8 ఉక్కు బ్రాకెట్‌లో పాకెట్. 3,000 ఆర్‌పీఎం దగ్గర చాటర్ 870 హెర్ట్జ్ అని తేలిందనుకోండి.

4. ఏది వణుకుతోంది: కట్టరా, జాబా?

స్పిండిల్ ఆపి, కట్టర్ చివర సుత్తితో మెల్లగా తట్టి ఆ చప్పుడు రికార్డ్ చేయండి. పన్ను అంచు మీద తట్టకండి, కార్బైడ్ చిట్లుతుంది. స్పెక్ట్రమ్‌లో 850 దగ్గర శిఖరం కనిపిస్తే, 870 చాటర్ కట్టర్‌దే. చాటర్ సాధారణంగా సహజ ఫ్రీక్వెన్సీ కంటే కొంచెం పైన ఉంటుంది.

అలాగే జాబ్‌ను, వైస్‌ను కూడా తట్టి చూడండి. పలచటి గోడ ఉన్న జాబ్, వెల్డింగ్ చేసిన పెట్టె లాంటి ఫ్రేమ్ అయితే వణికేది ఎక్కువసార్లు అదే.

తట్టినా తేలకపోతే ఓవర్‌హ్యాంగ్ 5 మి.మీ. తగ్గించి మళ్లీ కోయండి. చాటర్ ఫ్రీక్వెన్సీ పైకి జరిగితే దోషం కట్టర్‌ది. కదలకపోతే జాబ్‌నో, బిగింపునో, మెషిన్‌నో చూడాలి.

జాబ్ వణుకుతుంటే ప్రత్యేక కట్టర్ కొనడం కంటే కింద జాక్ స్క్రూ పెట్టడం, క్లాంప్‌ను కోత దగ్గరికి జరపడం, గోడను రెండు వైపులా కొంచెం కొంచెంగా దించుకుంటూ రావడం చవక, మేలు కూడా.

తట్టే పరీక్ష ఫ్రీక్వెన్సీ మాత్రమే చెబుతుంది. గట్టిదనం, డ్యాంపింగ్ (వణుకు అణిగే తీరు) ఎంతో చెప్పదు. వాటికి సెన్సర్ ఉన్న సుత్తి, యాక్సిలరోమీటర్ కావాలి. అవి లేకుండా లోతు హద్దు తెలుసుకునే దారి తర్వాతి మెట్టులో ఉంది.

5. వాలు కోతతో లోతు హద్దు పట్టుకోండి

దిమ్మ మీద లోతు క్రమంగా పెరిగేలా ఒకే కోత పెట్టండి. వీఎంసీలో 150 మి.మీ. పొడవులో జెడ్‌ను 0.5 నుంచి 5 మి.మీ. దాకా దింపే ప్రోగ్రామ్ రాస్తే చాలు. కన్వెన్షనల్ మెషిన్‌లో దిమ్మకు ఒక కొస కింద 4.5 మి.మీ. ప్యాకింగ్ పెట్టి బిగించండి.

ఈ వాలులో ప్రతి 10 మి.మీ. పొడవుకి లోతు 0.3 మి.మీ. పెరుగుతుంది. చాటర్ గీతలు 70 మి.మీ. దగ్గర మొదలైతే, హద్దు 0.5 + 2.1 = 2.6 మి.మీ. జాబ్ మీద దానిలో మూడొంతులు, అంటే సుమారు 2 మి.మీ. వాడండి.

పక్క వెడల్పు (కట్టర్ పక్కగా ఎంత మేర కోస్తుందో అది) జాబ్‌లో ఎంత ఉంటుందో దిమ్మ మీద కూడా అంతే ఉండాలి. ఫుల్ స్లాట్‌లో, అంటే కట్టర్ పూర్తి వెడల్పుతో కోసినప్పుడు, తీసిన హద్దు పక్క కోతకు వర్తించదు, పక్క కోతలో తీసింది స్లాట్‌కి అసలే వర్తించదు. మెటీరియల్ మారినా కొత్త పరీక్షే. కోత ఒత్తిడి మైల్డ్ స్టీల్‌కి చదరపు మి.మీ.కి సుమారు 2,000 న్యూటన్లు, అల్యూమినియంకి 700 నుంచి 800. అల్యూమినియంలో రెండున్నర రెట్లు లోతు పట్టడానికి కారణం అదే.

6. కొత్త కట్టర్ కొనేముందు ఆర్‌పీఎం మార్చి చూడండి

ఇది ఖర్చు లేని మందు. పళ్ల తాకిడి చాటర్ అలలతో కలిసి నడిచే ఆర్‌పీఎంలలో లోతు హద్దు బాగా పెరుగుతుంది.

ఆర్‌పీఎం = 60 × చాటర్ ఫ్రీక్వెన్సీ ÷ (పళ్లు × 1, 2, 3, 4…)

మన ఉదాహరణలో 60 × 870 ÷ 4 = 13,050. దాన్ని 2తో భాగిస్తే 6,525. 3తో 4,350. 4తో 3,262. 5తో 2,610.

8,000 ఆర్‌పీఎం స్పిండిల్‌కి 13,050 అందదు. 12 మి.మీ. కోటెడ్ కార్బైడ్‌తో ఈఎన్8లో 3,262 అంటే నిమిషానికి సుమారు 123 మీటర్ల కోత వేగం, ఇది నడిచేదే. 3,000 నుంచి 3,260కి మార్చి వాలు కోత మళ్లీ పెట్టండి. పన్నుకి ఫీడ్ అంతే ఉండేలా టేబుల్ ఫీడ్ కూడా పెంచాలి, మరవకండి. కొత్త ఆర్‌పీఎంలో చాటర్ ఇంకో ఫ్రీక్వెన్సీకి మారితే ఆ అంకెతో లెక్క తిరగరాయండి.

ఈ మందు ఎప్పుడు పనిచేయదో కూడా తెలియాలి. భాగించే అంకె 6, 7 దాటిందంటే మంచి ఆర్‌పీఎంలు ఒకదాని పక్కన ఒకటి ఇరుక్కుపోతాయి, వాటి మధ్య పెద్ద తేడా మిగలదు. కన్వెన్షనల్ మెషిన్ మీద 20 మి.మీ. నాలుగు పళ్ల హైస్పీడ్ స్టీల్ కట్టర్, 450 ఆర్‌పీఎం, చాటర్ 500 హెర్ట్జ్ అనుకోండి. లెక్క చేస్తే ఆ అంకె దాదాపు 17 వస్తుంది. అక్కడ ఆర్‌పీఎం వెతుక్కుంటూ కూర్చోవడం టైమ్ వేస్ట్. తక్కువ వేగంలోనే వేరియబుల్ పిచ్ అసలు విలువ తెలుస్తుంది.

7. వేరియబుల్ పిచ్: తేడా ఎంత ఉండాలి?

పళ్ల దూరాలు సమానంగా లేకపోతే ప్రతి పన్నూ పాత అలను వేరే చోట కలుస్తుంది. ఒక పన్ను పెంచిన వణుకును ఇంకో పన్ను తగ్గిస్తుంది. కానీ తేడా సరిగ్గా ఒక పూర్తి అల అయితే అన్ని పళ్లూ మళ్లీ ఒకే చోట కలుస్తాయి. అప్పుడు తేడా ఉన్నా లేనట్టే.

నాలుగు పళ్ల కట్టర్లలో ప్రధానంగా రెండు రకాలు.

మొదటిది జంట రకం: చిన్న దూరం, పెద్ద దూరం, చిన్నది, పెద్దది. ఉదాహరణకు 85, 95, 85, 95 డిగ్రీలు.

కావలసిన తేడా (డిగ్రీల్లో) = 3 × ఆర్‌పీఎం ÷ చాటర్ ఫ్రీక్వెన్సీ

రెండోది మెట్ల రకం: ప్రతి దూరం ముందుదాని కంటే సమానంగా పెరుగుతుంది. ఉదాహరణకు 82.5, 87.5, 92.5, 97.5.

కావలసిన మెట్టు = 1.5 × ఆర్‌పీఎం ÷ చాటర్ ఫ్రీక్వెన్సీ

మన 3,000 ఆర్‌పీఎం, 870 హెర్ట్జ్ పనికి జంట రకంలో 10.3 డిగ్రీల తేడా, మెట్ల రకంలో సుమారు 5.2 డిగ్రీల మెట్టు కావాలి.

కట్టర్ ముందే చేతిలో ఉంటే లెక్క తిరగేయండి. జంట రకానికి ఆర్‌పీఎం = ఫ్రీక్వెన్సీ × తేడా ÷ 3. 85/95 కట్టర్‌కి 870 × 10 ÷ 3 = 2,900. దానికి 20 శాతం అటూ ఇటూ కూడా లాభం చాలావరకు ఉంటుంది.

ఇప్పుడు మొదట అడిగిన ప్రశ్నకు జవాబు. అదే కట్టర్, అదే ఓవర్‌హ్యాంగ్. ఈఎన్8 మీద 2,900లో చక్కగా నడిచింది. తర్వాత రొయ్యల ప్లాంటుకి వెళ్లే 304 స్టెయిన్‌లెస్ ప్లేట్ వచ్చింది. స్టెయిన్‌లెస్ కదా అని వేగం సగానికి దించి 1,450 పెట్టారు, అంటే నిమిషానికి 55 మీటర్లు. సగం ఆర్‌పీఎంలో తేడా సరిగ్గా ఒక పూర్తి అల అయిపోతుంది. కట్టర్ మామూలు నాలుగు పళ్ల కట్టర్ లాగే అరుస్తుంది. వేగం తగ్గించి జాగ్రత్త పడ్డామనుకున్నారు గానీ, దానికి అన్నిటికంటే చెడ్డ చోట నిలబెట్టారు.

ఆ స్టెయిన్‌లెస్ పనికి 5 డిగ్రీల తేడా ఉన్న జంట కట్టర్, అంటే 87.5/92.5, సరిపోతుంది. లేదా 5 డిగ్రీల మెట్ల రకం వాడండి. మెట్ల రకంలో 2,900 మంచిదైతే సగం 1,450, మూడో వంతు 967 కూడా మంచివే. నాలుగో వంతు 725 దగ్గర మాత్రమే అది చతికిలబడుతుంది. రకరకాల మెటీరియల్స్ వచ్చే జాబ్ షాపుకి నా ఓటు మెట్ల రకానికే. ఒకే జాబ్ వందల్లో చేసే యూనిట్ అయితే లెక్క కట్టి జంట రకం తీసుకోవచ్చు.

తక్కువ ఆర్‌పీఎంకి చిన్న తేడా చాలన్నది కూడా గమనించండి. 450 ఆర్‌పీఎం, 500 హెర్ట్జ్ పనికి జంట తేడా 2.7 డిగ్రీలే. పెద్ద తేడా ఉంటే పెద్ద లాభం అనుకుని కొనేవాళ్లు ఇక్కడే నష్టపోతున్నారు.

దుకాణం వాళ్లు పిచ్ కోణాలు చెప్పకపోతే మీరే కొలవండి. కట్టర్‌ను డివైడింగ్ హెడ్‌లో (కోణం లెక్కతో తిప్పే పరికరం) పెట్టి, ప్రతి పన్ను ముందు ముఖానికి డయల్ ఒకే రీడింగ్ వచ్చేలా తిప్పి కోణం రాసుకోండి. వేరియబుల్ హెలిక్స్ (పళ్ల మెలి కోణాలు వేర్వేరుగా ఉన్నది) అయితే చివరి నుంచి ఎంత ఎత్తులో కొలిచారో కూడా రాయాలి. ఎత్తు మారితే కోణం మారుతుంది.

ఈ లెక్క దారి మాత్రమే చూపిస్తుంది. ఖాయం చేయాల్సింది వాలు కోతే.

8. మిగతా ఆకారాలు ఎప్పుడు?

వేరియబుల్ హెలిక్స్: 35, 38 డిగ్రీల హెలిక్స్ కలిసిన 16 మి.మీ. కట్టర్‌లో, 20 మి.మీ. ఎత్తు వెళ్లేసరికి పిచ్ తేడా సుమారు 11.6 డిగ్రీలు మారుతుంది. 3 మి.మీ. లోతులో మారేది 1.7 డిగ్రీలే. లోతు ఎక్కువ, పక్క వెడల్పు తక్కువ ఉన్న గోడ కోతల్లో ఇది రాణిస్తుంది. పైపైన 2, 3 మి.మీ. తీసే పనికి దీని కోసం అదనపు డబ్బు పెట్టకండి.

అలల అంచు రఫింగ్ కట్టర్: అంచు మీద అలలు ఒక పన్నుకీ ఇంకో పన్నుకీ జరిగి ఉంటాయి కాబట్టి ఏ క్షణంలోనైనా కోసే అంచు పొడవు తక్కువ. తక్కువ బలం, ఎక్కువ లోతు. షరతు ఒకటే: పన్నుకి ఫీడ్ అలల ఎత్తు కంటే తక్కువే ఉండాలి. దాటితే అంచంతా కోతలోకి వచ్చి, అది మామూలు కట్టర్ అయిపోతుంది. "రఫింగ్ కట్టర్ కదా, ఫీడ్ తొక్కు" అనే సలహా వినకండి. గోడకు 0.3 నుంచి 0.5 మి.మీ. ఫినిషింగ్‌కి వదలండి.

హై ఫీడ్ కట్టర్: ఇన్సర్ట్ (కట్టర్‌కి బిగించే కోత ముక్క) అంచు బాగా వాలుగా ఉండి, బలాన్ని స్పిండిల్ వైపు పైకి నెడుతుంది. పొడవాటి ఓవర్‌హ్యాంగ్‌తో లోతైన పాకెట్ ఖాళీ చేయడానికి బాగుంటుంది. పలచటి అడుగు ఉన్న జాబ్‌కి వద్దు, అడుగు వంగుతుంది.

అంచు వెనుక సన్నటి పట్టీ ఉన్న కట్టర్: ఆ పట్టీ అలల మీద రుద్దుకుని వణుకును చంపుతుంది. అలలు దగ్గరగా ఉన్నప్పుడే, అంటే తక్కువ కోత వేగంలోనే. అల పొడవు కావాలంటే కోత వేగాన్ని సెకనుకు మి.మీ.లలోకి మార్చి ఫ్రీక్వెన్సీతో భాగించండి. నిమిషానికి 60 మీటర్లు, 600 హెర్ట్జ్ అయితే సుమారు 1.7 మి.మీ. అర మిల్లీమీటరుకు దగ్గరయ్యే కొద్దీ ఈ పట్టీ లాభం స్పష్టంగా తెలుస్తుంది.

9. జాబ్ మీద మొదటి కోత వరుస

1. కొత్త కట్టర్ ఎక్కించి రనౌట్, ఓవర్‌హ్యాంగ్ రాసుకోండి.
2. తట్టి సహజ ఫ్రీక్వెన్సీ చూడండి. పాత కట్టర్ ఫ్రీక్వెన్సీని దీనికి అంటగట్టకండి.
3. 7వ మెట్టు లెక్కతో ఆర్‌పీఎం ఎంచుకోండి.
4. దిమ్మ మీద వాలు కోత, రికార్డింగ్.
5. దొరికిన లోతులో మూడొంతులతో జాబ్ మొదలు.
6. మూలల్లో జాగ్రత్త. నిటారు మూలలోకి దిగినప్పుడు కట్టర్ చుట్టూ తగిలే భాగం ఒక్కసారిగా పెరుగుతుంది. దారి మొత్తం నిశ్శబ్దంగా ఉండి మూలలోనే అరిస్తే, టూల్‌పాత్‌లో కట్టర్ రేడియస్ కంటే పెద్ద వంపు ఇవ్వండి.
7. పక్క వెడల్పు తగ్గించి లోతు పెంచే పద్ధతిలో ఫీడ్ సరిచేయండి. 12 మి.మీ. కట్టర్‌కి 1.2 మి.మీ. వెడల్పు ఇస్తే చిప్ పలచబడుతుంది. దాన్ని పూడ్చడానికి పన్నుకి ఫీడ్ 1.67 రెట్లు పెంచవచ్చు.

పాత లీడ్‌స్క్రూ మెషిన్ మీద బ్యాక్‌లాష్ (స్క్రూ, నట్టు మధ్య వదులు) ఉంటే క్లైంబ్ మిల్లింగ్ (టేబుల్ కదిలే వైపే పళ్లు కోసే పద్ధతి) జోలికి వెళ్లకండి. టేబుల్ లాగేసుకుంటుంది. అప్పుడు విరిగేది కట్టర్ ఒక్కటే కాదు.

10. తరచూ జరిగే తప్పులు, సరిదిద్దడం

అరిచిన వెంటనే ఫీడ్ తగ్గించడం. దాదాపు ప్రతి షాపులో చూసే అలవాటు ఇది. చాటర్ హద్దును ప్రధానంగా నిర్ణయించేది లోతు, వెడల్పు, ఆర్‌పీఎం. ఫీడ్ మరీ తగ్గిస్తే పన్ను కోయకుండా రుద్దుతుంది, స్టెయిన్‌లెస్ అయితే పైపొర గట్టిపడుతుంది. ముందు లోతు తగ్గించండి, తర్వాత ఆర్‌పీఎం మార్చండి.

పళ్లు ఎక్కువుంటే మేలని ఆరు పళ్లది తేవడం. ఒకేసారి ఎక్కువ పళ్లు కోతలో ఉంటే హద్దు తగ్గుతుంది. చాటర్ పీడిస్తున్న స్లాట్‌కి మూడు పళ్లది ప్రయత్నించండి.

ఓవర్‌హ్యాంగ్ మారినా పాత అంకెలే వాడటం. షాంక్ 10 మి.మీ. బయటికి లాగారంటే ఫ్రీక్వెన్సీ మారింది, 7వ మెట్టు లెక్క మారింది.

గోడ మీద సమానమైన నిలువు చారలు చూసి చాటర్ అనుకోవడం. చారల దూరం చుట్టుకి ఫీడ్‌తో సమానంగా ఉంటే అది రనౌట్ గుర్తు. కాలెట్ విప్పి శుభ్రం చేసి, కట్టర్‌ను కొంచెం తిప్పి బిగించండి.

పొద్దున బాగుండి మధ్యాహ్నం అరవడం. ముందు పన్ను అరుగుదల, తర్వాత వైస్ బిగువు, ఆ తర్వాత స్పిండిల్ బేరింగ్. ఈ వరుసలోనే చూడండి.

11. పదును పెట్టించేటప్పుడు

చెన్నైకో, విజయవాడకో, హైదరాబాద్ బాలానగర్‌కో పంపి పదును పెట్టిస్తున్న వాళ్లు ఇది కాగితం మీద రాసి కట్టర్‌తో పాటు పంపండి. నోటి మాట దారిలోనే పోతుంది.

□ వేరియబుల్ పిచ్ కట్టర్. సమానంగా 90 డిగ్రీలు తిప్పే ఇండెక్స్ ప్లేట్ వాడవద్దు. ప్రతి పన్నుకి టూత్ రెస్ట్ ఆనించి గ్రైండ్ చేయాలి, లేదా సీఎన్‌సీ గ్రైండర్‌లో ఈ కోణాలు పెట్టాలి: (మీరు కొలిచినవి రాయండి)
□ అలల అంచు రఫింగ్ కట్టర్ అయితే పన్ను ముందు ముఖం మీదే గ్రైండ్ చేయాలి. బయటి వ్యాసం మీద పెడితే అలలు పోతాయి.
□ గ్రైండ్ అయ్యాక వ్యాసం ఎంత మిగిలిందో రాసి పంపాలి.

తిరిగొచ్చాక డివైడింగ్ హెడ్ మీద కోణాలు మళ్లీ కొలవండి. 85, 95 కాస్తా 90, 90 అయి వస్తే, దాన్ని మామూలు కట్టర్ల డబ్బాలో వేసి, పెట్టె మీద వేరియబుల్ అన్న స్టిక్కర్ పీకేయండి. లేకపోతే రాత్రి షిఫ్ట్ కుర్రాడు ఆ స్టిక్కర్‌ను నమ్మి స్టెయిన్‌లెస్ జాబ్‌కి ఎక్కిస్తాడు.